న్యూయార్క్ కెమెరా టికెట్: హియరింగ్ అడగాలా, 50 డాలర్లు కట్టేయాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీరుండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, కారు మీ పేరు మీదే, ప్లేటూ న్యూజెర్సీదే. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ న్యూయార్క్ సిటీ క్వీన్స్‌లోని ఫ్లషింగ్ గణేశ్ గుడికి వెళ్లొచ్చారు, నడిపింది మీ తమ్ముడు. కొన్ని వారాలకి పోస్టులో రెండు కెమెరా నోటీసులొచ్చాయి, ఒక్కోటి 50 డాలర్లు. ఒకటి 25 మైళ్ల స్కూల్ జోన్‌లో 38 మీద వెళ్లారని, ఇంకొకటి రెడ్ లైట్ దాటారని. రెడ్ దగ్గర తమ్ముడు పూర్తిగా ఆపి, అటూ ఇటూ చూసుకునే రైట్ తిరిగాడంటున్నారు. ఆదివారం పూట స్కూలెక్కడిదని మీ ప్రశ్న. హియరింగ్, అంటే జడ్జి ముందు విచారణ, అడిగితే కొట్టేస్తారా, లైసెన్సు మీద పాయింట్లు పడతాయా, గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందా అని టెన్షన్.

నేను లాయర్ని కాను. క్వీన్స్‌లో ఒక చిన్న కార్ సర్వీసులో ఆఫీసు పని చూస్తాను, డ్రైవర్ల బళ్లకొచ్చే ఈ నోటీసులన్నీ చివరికి నా టేబుల్ మీదకే చేరతాయి. వీటిలో ఏది పోట్లాడాలో, ఏది కట్టి పారేయాలో కవరు విప్పగానే చాలావరకు తెలిసిపోతుంది. అది ఎలాగో చెప్తాను.

ముందు టెన్షన్ సంగతి తేల్చేద్దాం. ఈ రెండు నోటీసులకీ లైసెన్సు మీద పాయింట్లు పడవు. వీటిని చూపించి ఇన్సూరెన్సు పెంచకూడదని కూడా న్యూయార్క్ చట్టంలోనే రాసుంది. పోలీసాయన ఆపి చేతిలో పెట్టే టికెట్ డ్రైవరు మీద పడుతుంది, కెమెరా నోటీసు బండి ఓనరు మీద పడుతుంది, అందుకే ఈ తేడా. ఇది క్రిమినల్ కేసు కాదు, డ్రైవరుగా మీకు శిక్ష పడినట్టూ కాదు. రేపు సిటిజన్‌షిప్‌కి ఎన్-400 ఫారం నింపేటప్పుడు ఇలాంటివి రాయాలా వద్దా అన్నది మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒక్క మాట అడగండి, కట్టిన రసీదు మాత్రం దాచుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో "మావాడికి తెలిసినాయన్ని వీసా స్టాంపింగ్‌లో అడిగారట" అనే కథలు తిరుగుతుంటాయి, గట్టిగా అడిగితే అది తాగి నడిపిన కేసని బయటపడుతుంది.

ఇక "నడిపింది నేను కాదు" అన్న మాట. అందరూ మొదట రాసేది ఇదే, అన్నిటికన్నా పనికిరానిదీ ఇదే. చట్టం అడిగేది బండి ఎవరిదని, స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందని కాదు. మీ అనుమతితో తమ్ముడు నడిపాడు కాబట్టి బాధ్యత మీదే. ఆ డబ్బు నడిపినవాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు ఓనరుకి చట్టం ఇచ్చింది లెండి, అది మీరూ మీ తమ్ముడూ ఇంట్లో తేల్చుకోండి. బండి అద్దెకో లీజుకో ఇచ్చే కంపెనీలకి మాత్రం వేరే దారి ఉంది, ఆ రోజు బండి ఎవరి దగ్గరుందో అగ్రిమెంటు గడువులోగా పంపిస్తే నోటీసు అద్దెకి తీసుకున్నవాళ్ల పేరు మీదకి మారుతుంది.

ఆదివారం స్కూలు సంగతి. మీరన్నది ఒకప్పుడైతే కరెక్టే. న్యూయార్క్ సిటీలో స్పీడ్ కెమెరాలకి 2013లో అనుమతి వచ్చింది, చాలాకాలం అవి బడి రోజుల్లో, పని దినాల్లో మాత్రమే నడిచాయి. 2022 ఆగస్టు 1 నుంచి రోజుకి 24 గంటలూ, వారానికి ఏడు రోజులూ నడుస్తున్నాయి. వేసవి సెలవులైనా, అర్ధరాత్రయినా, దీపావళైనా ఒకటే. స్కూల్ జోన్ అంటే స్కూలు గేటు ముందు వీధి అనుకుంటాం, కానీ స్కూలు చుట్టూ పావు మైలు దూరం దాకా లెక్కే, కాబట్టి నడిపేవాడికి స్కూలు కనిపించనే కనిపించదు. వాన్ విక్ ఎక్స్‌ప్రెస్‌వే మీద 50లో వచ్చి ర్యాంప్ దిగిన బండి అదే ఊపులో 25 మైళ్ల వీధిలోకి వస్తుంది, దొరికేది అక్కడే. సిటీలో వేరే బోర్డు లేని వీధులన్నిటికీ 2014 నవంబరు నుంచి లిమిట్ 25. దాని మీద 10 మైళ్లు దాటితేనే కెమెరా టికెట్ ఇస్తుంది, అంటే 35 దాకా వదిలేసి 36 నుంచి పట్టుకుంటుంది. ఆ 10 మైళ్ల వెసులుబాటు ముందే ఇచ్చేశారు కాబట్టి "నా స్పీడోమీటర్ రెండు మైళ్లు తేడా చూపిస్తుంది" లాంటి వాదన హియరింగ్‌లో నిలవదు.

రైట్ టర్న్ విషయంలో మీకు చేదు కబురే. న్యూజెర్సీలో రెడ్ దగ్గర ఆగి, ఎవరూ లేకపోతే రైట్ తిరగొచ్చు, వద్దని బోర్డుంటే తప్ప. న్యూయార్క్ సిటీలో దీనికి పూర్తిగా తలకిందులు. తిరగొచ్చని బోర్డుంటేనే తిరగాలి, బోర్డు లేకపోతే పచ్చ పడేదాకా ఆగాల్సిందే. పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరానికి రాష్ట్ర చట్టమే ఇలా వేరే రూలు పెట్టింది. స్టాటెన్ ఐలండ్‌లో అనుమతి బోర్డులు చాలాచోట్ల కనిపిస్తాయి, క్వీన్స్‌లో అరుదు. మీ తమ్ముడు ఎంత బుద్ధిగా ఆగి తిరిగినా అది ఉల్లంఘనే, "పూర్తిగా ఆపాడు" అని మీరు రాస్తే తిరిగినట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది. న్యూజెర్సీ నుంచి నది దాటొచ్చే మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. న్యూజెర్సీలో రెడ్ లైట్ కెమెరాల ప్రయోగం 2014 డిసెంబరుతోనే ముగిసింది, అందుకని అటువైపు వాళ్లకి కెమెరా ఉంటుందన్న ధ్యాసే ఉండదు.

ఇప్పుడు అసలు హియరింగ్ ఎలా ఉంటుందో చెప్తాను, చాలామంది సినిమా కోర్టు ఊహించుకుంటారు. సిటీ ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ కింద అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జిలుంటారు, పార్కింగ్ టికెట్లు చూసేదీ వాళ్లే. అటువైపు ప్రాసిక్యూటరు ఎవరూ రారు, కెమెరా పెట్టినాయన్ని పిలిచి మీరు ప్రశ్నలడిగేదీ ఉండదు. ఫొటోలు చూసిన టెక్నీషియన్ ప్రమాణం చేసి సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఒకటి ఫైల్లో ఉంటుంది. తప్పని మీరు చూపించేదాకా దాన్నే నిజమని తీసుకోవాలని చట్టం. అంటే ఆట మొదలవకముందే వాళ్లకి ఒక గోలు ఉన్నట్టు. "సాక్షిని ఎదురుగా నిలబెట్టే హక్కు రాజ్యాంగం ఇచ్చింది" అని యూట్యూబ్ చూసి రాసేవాళ్లుంటారు, ఆ హక్కు క్రిమినల్ కేసుల్లోది, ఇది సివిల్.

జడ్జి ముందున్న ప్రశ్నలు చాలా చిన్నవి. ఈ ప్లేటు మీదేనా, ఫొటోలో బండి మీదేనా, ఆ టైముకి అది మీ ఆధీనంలోనే ఉందా, చట్టం ఒప్పుకున్న మినహాయింపు ఏదైనా ఉందా. వీటికి బయట మీరు ఏం రాసినా చదువుతారు గానీ దాన్నిబట్టి కొట్టేసే అధికారం వాళ్లకి లేదు. పిల్లాడికి జ్వరం, వెనక ట్రక్కువాడు హారన్ కొడుతున్నాడు, జీపీఎస్ చివరి నిమిషంలో చెప్పింది, ఇరవై ఏళ్లుగా ఒక్క టికెట్ లేదు... ఇవన్నీ నిజమే అయ్యుండొచ్చు, జడ్జికి మీ మీద జాలి కూడా కలగొచ్చు, టికెట్ మాత్రం అలాగే ఉంటుంది. "మొదటిసారి కదా, సగం చేయండి" అనే బేరం కూడా ఆశించకండి.

మరి ఏవి నిలుస్తాయి? బండి గానీ ప్లేటు గానీ అప్పటికే దొంగతనమై, ఆ ఫిర్యాదు ఉల్లంఘన టైముకన్నా ముందే పోలీసు రికార్డులో ఉంటే నిలుస్తుంది, ఆ పోలీసు రిపోర్టు కాపీ ఉండాలి. కారు అమ్మేసి ప్లేట్లు మోటారు వాహనాల ఆఫీసులో తిరిగిచ్చేసి ఉంటే ఆ రసీదు చాలు. కారు అమ్మిన ప్రతివాళ్లకీ చెప్తుంటాను, ప్లేట్లు విప్పకుండా బండి అప్పగించకండి, అప్పగించాక కూడా ప్లేట్లు తిరిగిచ్చిన రసీదు ఏళ్లపాటు పారేయకండి. రెడ్ లైట్ కేసులో అయితే ట్రాఫిక్ పోలీసు చెయ్యూపి వెళ్లమన్నా, అంబులెన్సుకి దారివ్వడానికి ముందుకి జరిగినా, శవయాత్ర వరసలో ఉన్నా చెల్లుతుంది. రెడ్ లైట్ నోటీసులకి ఫొటోలతో పాటు వీడియో కూడా సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, నోటీసు నంబరు కొడితే వస్తుంది. అంబులెన్సు లైట్ల వెలుగు అద్దాల మీద పడటమో, పోలీసు చెయ్యి ఫ్రేము అంచులో కనిపించడమో అందులోనే దొరుకుతుంది. చూడకుండా హియరింగ్ అడిగేవాళ్లు ఎంతమందో.

స్పీడ్ నోటీసుకి ఇంకో రెండు విషయాలున్నాయి. ఒకటి, పోస్టు చేసిన తేదీ. న్యూయార్క్ రాష్ట్రం ఓనర్లకి 14 పని దినాల్లోగా, బయటి రాష్ట్రాల వాళ్లకి 45 పని దినాల్లోగా నోటీసు పంపాలి. మీది న్యూజెర్సీ కాబట్టి 45, అంటే తొమ్మిది వారాలు. పక్కింటాయనకి రెండు వారాలన్నారని మీకూ అదే అనుకోకండి. చూడాల్సింది వాళ్లు పోస్టు చేసిన తేదీ, మీ పెట్టెలో పడిన తేదీ కాదు. వాళ్ల పోస్టింగ్ రికార్డునే సాక్ష్యంగా తీసుకుంటారు, కాబట్టి "నాకు అందలేదు" అనే మాటతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇల్లు మారితే ముందు మోటారు వాహనాల ఆఫీసులో అడ్రసు మార్చుకోండి.

రెండోది, ఫొటోలో మీ బండి ఒక్కటే ఉందా అన్నది. పక్క లేనులో ఇంకో బండి మిమ్మల్ని దాటిపోతూ కనిపిస్తే, ఆ 38 ఎవరిదన్న ప్రశ్న న్యాయమైనదే. రెండు ఫొటోల మీదా సెకను భాగాలతో సహా టైము పడి ఉంటే లెక్క మీరే వేసుకోవచ్చు. గంటకి 36 మైళ్లంటే సెకనుకి 52.8 అడుగులు. రెండు ఫొటోల మధ్య అర సెకను తేడా ఉందనుకోండి, 36 మీద వెళ్తే బండి 26 అడుగులకి పైగా జరిగి ఉండాలి. జరిగింది 18 అడుగులే అయితే అది గంటకి పాతిక మైళ్లు కూడా లేదు. దూరం కొలవడానికి రోడ్డు మీద తెల్ల గీతలే కొలబద్ద, వీలైతే ఆ చోటికి టేపు తీసుకెళ్లి గీత పొడవూ, గీతకీ గీతకీ మధ్య ఖాళీ కొలిచి, ఫొటో తీసి జతచేయండి. ఫుట్‌పాత్ మీద నుంచే కొలవండి బాబూ, 50 డాలర్ల కోసం రోడ్డు మధ్యలోకి దిగకండి.

ఇలా లెక్క కట్టడం వట్టి చాదస్తం అనుకునేవాళ్లకి బాల్టిమోర్ సంగతి చెప్పాలి. 2012లో అక్కడ ఒక కారు రెడ్ లైట్ దగ్గర బ్రేక్ లైట్లు వెలుగుతూ కదలకుండా నిలబడి ఉంటే, 25 జోన్‌లో 38 మైళ్ల స్పీడని నోటీసు వెళ్లింది. ఫొటోలు రెండూ చూస్తే బండి అంగుళం జరగలేదు, వీడియో కూడా అదే చెప్పింది. బాల్టిమోర్ సన్ పత్రిక ఇలాంటివి ఒక్కొక్కటిగా తవ్వి తీసింది, 2013లో ఆ నగరం కెమెరాలు ఆపేయాల్సి వచ్చింది, మళ్లీ మొదలుపెట్టింది 2017లో. మెషీను తప్పు చేస్తుంది, దాని పైన సంతకం పెట్టే మనిషి చూడకుండానే పెట్టగలడు. కానీ అక్కడ గెలిపించింది "మెషీన్లు తప్పు చేస్తాయండీ" అన్న మాట కాదు, ఆ రెండు ఫొటోలు.

ప్లేటు తప్పుగా చదవడం ఇంకా తరచుగా జరుగుతుంది. మా దగ్గర ఒక తెల్ల మినీవ్యానుకి వేరే ఊరి నుంచి నోటీసొచ్చింది, ఊరి పేరు వద్దులెండి. ఫొటో పెద్దది చేసి చూస్తే నల్ల పికప్ ట్రక్కు. వెనక టో హుక్ నీడ ప్లేటు మీద పడి 8 అంకె కాస్తా బి అక్షరంలా కనిపిస్తోంది, చదివినవాళ్లు బి అనే రాసుకున్నారు. నేను పంపింది మూడే మూడు. రిజిస్ట్రేషన్ కాపీ, మా వ్యాను వెనక నుంచి తీసిన ఫొటో, వాళ్ల ఫొటోలో ఆ అక్షరం పెద్దది చేసి పక్కన గుర్తు పెట్టిన ప్రింటు. కింద నాలుగు లైన్లు. కొట్టేశారు. కోపంగా రెండు పేజీలు రాసి ఉంటే ఆ గుర్తు పెట్టిన అక్షరం రెండో పేజీలో కూరుకుపోయేది.

మీ వాంగ్మూలం కూడా అలాగే రాయండి. మొదటి లైన్లోనే కారణం: ఫొటోలో బండి నాది కాదు, లేదా ఫొటోలో రెండు బళ్లున్నాయి, లేదా ఫలానా తేదీన ప్లేటు తిరిగిచ్చేశాను. రెండో లైన్లో దానికి కాగితం ఏది, ఏ పేజీలో ఉంది. అంతే. ఆన్‌లైన్లో అప్‌లోడ్ చేయొచ్చు, పోస్టులో పంపొచ్చు, కావాలంటే సిటీలోని ఫైనాన్స్ బిజినెస్ సెంటరుకి వెళ్లి మనిషి ముందే చెప్పుకోవచ్చు. నా ఓటు ఆన్‌లైన్‌కే. ఎడిసన్ నుంచి వచ్చి పోయే టోలూ పార్కింగూ కలిపితే ఆ ఫైను డబ్బులు అక్కడే అయిపోతాయి. పోస్టులో పంపితే అసలు కాగితాలు పంపకండి, కాపీలే.

ఓడిపోతే 30 రోజుల్లో అప్పీలు ఉంది, కానీ వాళ్లు పాత ఫైలునే చూస్తారు, కొత్త సాక్ష్యం తీసుకోరు. కాబట్టి "మొదట మామూలుగా అడుగుదాం, కుదరకపోతే అప్పీల్లో అన్నీ పెడదాం" అనుకుంటే నష్టపోతారు, చేతిలో ఉన్నదంతా మొదటిసారే పెట్టేయండి. అప్పీలు కూడా పోతే నాలుగు నెలల్లోగా రాష్ట్ర సుప్రీంకోర్టులో ఆర్టికల్ 78 కింద, అంటే ప్రభుత్వ ఆఫీసు నిర్ణయాన్ని సవాలు చేసే కేసు, వేయొచ్చు. కేసుకి నంబరు వేయించే ఇండెక్స్ నంబరు ఫీజే 210 డాలర్లు. పంతానికి వేసేవాళ్లని చూశాను, లెక్క తెలిసినవాళ్లు వేయడం చూడలేదు.

గడువు మాత్రం గట్టిగా పట్టుకోండి. నోటీసు మీదున్న తేదీ నుంచి 30 రోజుల్లో కట్టాలి, లేదా హియరింగ్ అడగాలి. దాటితే 25 డాలర్లు అదనం. మనకి హైదరాబాద్ అలవాటు ఒకటుంది, చలాన్లు పేరుకోనిచ్చి డిస్కౌంట్ కోసం ఎదురుచూడటం. అక్కడ 2022 మార్చిలో టూ వీలర్లకి 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు కూడా, ఆగినవాళ్లే తెలివైనవాళ్లయ్యారు. అదే లెక్కతో ఇక్కడ ఆగితే జరిమానా పెరిగి, జడ్జిమెంటు అయి, వడ్డీ మొదలవుతుంది. జడ్జిమెంటైన బాకీ మొత్తం 350 డాలర్లు దాటితే సిటీలో బండి ఎక్కడ కనిపించినా బండి కదలకుండా చక్రానికి బూట్ అనే ఇనుప తాళం వేస్తారు, లేదా ఎత్తుకుపోతారు. న్యూజెర్సీ ప్లేటని వదలరు. మళ్లీ గుడికొచ్చి, ప్రసాదం తీసుకుని, కింద క్యాంటీన్‌లో దోసె తిని బయటికొచ్చేసరికి చక్రానికి పసుప్పచ్చ ఇనుపముక్క కనిపించడం ఏమంత బాగోదు.

ఇంకో మాట. ఈ నోటీసులు పోస్టులో వస్తాయి. "మీ ట్రాఫిక్ ఫైను బాకీ ఉంది, ఈ లింకు నొక్కండి" అని ఫోనుకి మెసేజ్ వస్తే అది మోసం, టోల్ పేరుతో కూడా ఇవే తిరుగుతున్నాయి. సిటీ వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి, నోటీసు నంబరు మీరే కొట్టి చూసుకోండి.

బస్సు కెమెరాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను, ఎందుకంటే నిజంగా పోట్లాడాల్సినవి నా లెక్కలో ఇవే. సిటీ బస్సుల ముందు అద్దానికున్న కెమెరాలు బస్ లేనులో ఆగినవాళ్లనీ, డబుల్ పార్కింగ్ చేసినవాళ్లనీ పట్టుకుంటున్నాయి. 2024లో ఎం79, బీఎక్స్35 రూట్లలో వేల నోటీసులు తప్పుగా వెళ్లాయి, సరిగ్గా పార్క్ చేసుకున్నవాళ్లకి కూడా. పైగా బస్ లేను ఫైను 50తో మొదలై, ఏడాదిలో మళ్లీ మళ్లీ దొరికితే 250 దాకా పెరుగుతుంది. దగ్గర్లోని మలుపులో రైట్ తిరగడానికి బస్ లేనులోకి రావచ్చు, ఆ ఫొటో ఒక్కటే చూసి మీరు దర్జాగా ఆక్రమించారనుకుంటారు. అలాంటిదొస్తే కట్టేయకుండా ఫొటోలు తెరిచి చూడండి.

ఇక మీ రెండింటికి నా మాట ఇది. రెడ్ లైట్‌ది ముందు ఆ వీడియో చూడండి. ఆ మూలన రైట్ తిరగొచ్చనే బోర్డు ఉందేమో గూగుల్ వీధి ఫొటోల్లో కూడా చూడండి, ఉంటే అది మీ సాక్ష్యం, అప్పుడు హియరింగ్ అడగండి. బోర్డు లేకపోతే, పోలీసో అంబులెన్సో కనిపించకపోతే కట్టేయండి. స్పీడ్‌ది ఫొటోలో ప్లేటు అక్షరం అక్షరం సరిచూసి, పక్కన ఇంకో బండి ఉందేమో చూసి, పోస్టు చేసిన తేదీకి 45 పని దినాలు లెక్కపెట్టండి. మూడింట్లో ఏదీ దొరక్కపోతే అదీ కట్టేయడమే. రెండింటికీ నోటీసు నంబర్లు వేరు కాబట్టి ఒకదానికి హియరింగ్ అడిగితే రెండోదాని గడువు ఆగదు, ఒకటి కట్టి ఒకటి పోరాడొచ్చు. కట్టేటప్పుడు నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, పోరాడాలనుకున్నదానికి పొరపాటున డబ్బు కట్టేస్తే బాధ్యత ఒప్పుకున్నట్టు లెక్కేసి ఫైలు మూసేస్తారు.